రెండోసారి అదే ఒడ్డుకు



మొన్న ఫిబ్రవరిలో రెండు ఆదివారాలు నేను మీ మధ్య లేను. కమిటీ పెద్దలకు ముందే చెప్పి, వాక్యం చెప్పడానికి ఇంకొక పాస్టరు గారిని ఏర్పాటు చేసే వెళ్ళాను. అయినా నేను తిరిగి రాకముందే "అయ్యగారు అమ్మగారిని తీస్కొని అండమాన్ పోయిండంట" అనే మాట మూడు ఊళ్ళు తిరిగింది. ఒక పెద్దమ్మ నా చెయ్యి పట్టుకొని "అంత నీళ్ళ మీదికెల్లి పోతుంటే భయం కాలేదా అయ్యగారూ?" అని అడిగింది. ఒక తమ్ముడు నవ్వుతూ "మా కానుకలన్నీ సముద్రంల కలిపి వచ్చిండ్రా?" అన్నాడు. నవ్వుతూ అన్నా అది అడగదగిన ప్రశ్నే. కాపరి దగ్గర లెక్క అడిగే హక్కు సంఘానికి ఉంది.

అందుకే ముందు ఆ లెక్క చెప్తాను. విమానం టికెట్లు మా బామ్మర్ది కొన్నాడు. అతను చాలా ఏళ్ళుగా అక్కడే కరెంటు పని చేసుకుంటున్నాడు. ఉన్నది అతని ఇంట్లోనే. మిగతా ఖర్చు నా భార్య మహిళా సంఘంలో నెలనెలా కట్టుకున్న చీటీ డబ్బు. కానుకల పెట్టెలోది ఒక్క రూపాయి కూడా లేదు.

అయితే అసలు సంగతి డబ్బు కాదు. మేము కొత్త చోటు చూడాలని పోలేదు. పదకొండేళ్ళ కింద ఒకసారి పోయిన చోటికే మళ్ళీ పోయాం. డబ్బు పెట్టుకొని, సెలవు పెట్టుకొని, చూసిన చోటికే ఎందుకు మళ్ళీ పోవాలి? ఆ జవాబు చెప్పడానికే ఇది రాస్తున్నాను. ఇది నా గొప్ప చెప్పుకునే సాక్ష్యం కాదు, నా తప్పు ఒప్పుకునే సాక్ష్యం. నా భార్యను అడిగి, ఆమె చదివి, ఒకచోట నాలుగు వాక్యాలు కొట్టేసి, సరే అన్న తర్వాతే మీ ముందు పెడుతున్నాను.

మా పెళ్ళి 2004 జనవరిలో అయింది. పదేళ్ళు నిండినప్పుడు ఇద్దరమే ఎక్కడికైనా పోదామని పెళ్ళయిన కొత్తలో మాట ఇచ్చాను. ఆ పదేళ్ళు నిండడానికి మూడు నెలల ముందు, 2013 అక్టోబరులో, మా రెండో బిడ్డ అయిదో నెలలోనే పోయింది. మీలో పెద్దవారికి ఈ సంగతి తెలుసు. గురువారం ఆమెను ఆసుపత్రి నుంచి ఇంటికి తీసుకొచ్చాను. ఆదివారం ఎప్పటిలాగే మూడు గ్రామాల్లో ఆరాధన జరిపించాను. "అయ్యగారు ఎంత నిబ్బరంగా నిలబడ్డడో" అని జనం అన్నారు. ఆ మాట నాకు బాగానే అనిపించింది. ఇంటికొచ్చి నా భార్యతో "దేవుని చిత్తం, మనం ఏం చేయగలం" అన్నాను. ఇదే మాట నేను ఎన్నో ఇళ్ళలో, ఎన్నో చావుల దగ్గర చెప్పాను. నా ఇంట్లో కూడా అదే చెప్పాను. ఆమె తలూపింది. అంతటితో ఆ సంగతి అయిపోయిందని అనుకున్నాను.

అప్పుడు మా బామ్మర్ది ఫోన్ చేసి, "బావా, అక్కను కొన్ని రోజులు సముద్రం దగ్గరికి తీస్కరా, గాలి మారితే మంచిగైతది" అన్నాడు. 2014 జనవరిలో బయలుదేరాం. పాపను అమ్మమ్మ దగ్గర వదిలాం. సికింద్రాబాదులో రైలెక్కి విశాఖపట్నం, అక్కడి నుంచి ఓడ. పోర్ట్ బ్లెయిర్ చేరేసరికి దగ్గరదగ్గర మూడు రోజులు. కింది అంతస్తులో వరుసగా బంకులు, డీజిల్ వాసన, చుట్టూ వాంతులు చేసుకునేవాళ్ళు. నా భార్య ఎక్కువ సేపు పైన రెయిలింగు పట్టుకొని నీళ్ళవైపు చూస్తూ నిలబడేది. మాట్లాడేది కాదు. ఓడ పడక నీరసపడిందని అనుకున్నాను.

అక్కడ దిగాక ఏమైందో చెప్తాను. పోర్ట్ బ్లెయిర్‌లో తెలుగువాళ్ళు చాలామంది ఉంటారు. ఎక్కువమంది శ్రీకాకుళం, విశాఖ జిల్లాల నుంచి వెళ్ళి స్థిరపడినవారు. బజారులో రెండు అంగళ్ళు దాటితే ఎక్కడో ఒకచోట మన మాట వినపడుతుంది. మెదక్ నుంచి పాస్టరు వచ్చాడని తెలిసి విశ్వాసులు ఇంటికి వచ్చారు. ఒక్క కూడిక పెట్టమన్నారు, పెట్టాను. తర్వాత ఇంకొకటి. ఎనిమిది సాయంత్రాలుంటే ఏడు సాయంత్రాలు కూడికలే. పగలు గృహ దర్శనాలు. నా భార్య తమ్ముడి వంటింట్లో వచ్చినవాళ్ళకు టీలు కాచింది. ఇంట్లో పని చేసినట్టే అక్కడా చేసింది.

ఆమె అడిగింది ఒక్కటే. పోర్ట్ బ్లెయిర్ ఎదురుగా పడవలో పావుగంట దూరంలో రాస్ అనే చిన్న దీవి ఉంది. అక్కడ పాడుబడిన పాత గుడి ఉందని తమ్ముడు చెప్పాడు. చివరి రోజు దాన్ని చూద్దామంది. సరే అన్నాను. ఆ మధ్యాహ్నం ఎవరో జబ్బు మనిషి కోసం ప్రార్థనకు పిలిస్తే వెళ్ళాను. అక్కడి నుంచి ఇంకొక ఇంటికి వెళ్ళాను. అండమాన్‌లో పొద్దు మనకంటే చాలా ముందే గుంకుతుంది. నేను జెట్టీకి పరుగెత్తేసరికి ఆ రోజు దీవికి పోయే ఆఖరి పడవ ఎప్పుడో పోయింది. ఆమె సంచి ఒళ్ళో పెట్టుకొని బల్ల మీద కూర్చొని ఉంది. కోపపడలేదు. "పోదాం పదండి, చీకటైతుంది" అంది. మర్నాడు తిరుగు ఓడ ఎక్కాం.

మెదక్ వచ్చాక ఆ ప్రయాణం గురించి ఎన్నిసార్లు సాక్ష్యం చెప్పానో! విశ్రాంతికని పోతే ప్రభువు పరిచర్య ఇచ్చాడని చెప్పేవాణ్ణి. మత్తయి 14వ అధ్యాయాన్ని కూడా నాకు అనుకూలంగా వాడుకున్నాను. బాప్తిస్మమిచ్చు యోహానును చంపారని విన్నప్పుడు యేసు ప్రభువు పడవ ఎక్కి ఏకాంతంగా ఒక అరణ్య ప్రదేశానికి వెళ్ళాడు. జనం కాలినడకన వెంట వచ్చారు. ఆయన వాళ్ళను చూసి కనికరపడి రోగులను బాగుచేశాడు. "చూశారా, ప్రభువు కూడా తన విశ్రాంతిని మానుకొని పరిచర్య చేశాడు" అనేవాణ్ణి. ఆ అధ్యాయాన్ని చివరిదాకా చదివితే 23వ వచనం ఉంది. ఆయన జనాన్ని పంపివేసి ఒక్కడే కొండెక్కి ప్రార్థన చేసుకున్నాడు. తన వారిలో ఒకడు చనిపోయిన దుఃఖానికి ఆయన చోటు ఇచ్చాడు. కాస్త ఆలస్యమైంది కానీ మానలేదు. నేను 14వ వచనం దగ్గరే పుస్తకం మూసేశాను.

ఏళ్ళు గడిచాయి. 2024 డిసెంబరు 25న మన మెదక్ మహాదేవాలయానికి నూరేళ్ళు నిండాయి. ఆ నెలంతా నేను ఇంటికి నిద్రపోవడానికే వచ్చాను, కొన్ని రోజులు అదీ లేదు. పండుగ అయిపోయిన రాత్రి మా అమ్మాయి నా పక్కన కూర్చుంది. ఇప్పుడు ఆమె నర్సింగ్ చదువుతోంది. "డాడీ, ఈ నెలల అమ్మ నీతోని ఎన్ని మాటలు మాట్లాడింది? జర యాది చేసుకొని చెప్పు" అంది. నేను లెక్క వేశాను. తాళం చెవి ఎక్కడుంది, గ్యాసు అయిపోయింది, ఫలానావాళ్ళు ఫోన్ చేశారు. ఇవి తప్ప ఇంకేమీ గుర్తు రాలేదు. మా మధ్య కొట్లాట ఏమీ లేదు, గట్టిగా ఒక మాట అనుకున్నది కూడా లేదు. కానీ మాట లేదు.

మర్నాడు నేనే ఆమెను అడిగాను, ఎక్కడికైనా పోదామా అని. యెరూషలేము యాత్రో, వేళాంగణ్ణో, లేకపోతే వాళ్ళ అక్కావాళ్ళ ఊరో అంటుందనుకున్నాను. ఆమె బియ్యం చెరుగుతూ, తల ఎత్తకుండా, "రాస్ దీవికి పోదాం. ఆ రోజు పడవ పోయింది గద" అంది.

పదకొండేళ్ళు! ఒక్కసారి కూడా ఎత్తని మాట. ఆమె లోపల ఆ బల్ల మీద ఇంకా కూర్చొనే ఉందని నాకు ఆ రోజు అర్థమైంది.

ఫిబ్రవరిలో శంషాబాదు నుంచి విమానంలో వెళ్ళాం. అప్పుడు మూడు రోజులు పట్టిన నీళ్ళను రెండున్నర గంటల్లో దాటేశాం. దిగి చూస్తే పేర్లు మారిపోయాయి. పోర్ట్ బ్లెయిర్‌ను 2024 సెప్టెంబరులో శ్రీ విజయపురం చేశారు. రాస్ దీవి 2018 నుంచి నేతాజీ సుభాష్ చంద్రబోస్ ద్వీపం. బజారులో మాత్రం పాత పేర్లతోనే పిలుస్తున్నారు. పేరు మారినంత తొందరగా చోటు మారదు, మనిషీ మారడు.

మొదటి రోజు సెల్యులార్ జైలుకు వెళ్ళాం. పదేళ్ళు కట్టి 1906లో పూర్తి చేశారు. నడుమ బురుజు, దాని చుట్టూ సైకిలు చక్రం పుల్లల్లాగా ఏడు వరుసలు. ఇప్పుడు మూడే మిగిలాయి. ఆరు వందల తొంభైకి పైగా గదులు, గదికి ఒక్క మనిషి. దేశం కోసం కొట్లాడిన ఎందరినో అక్కడ ఉంచారు. మన్యంలో అల్లూరి సీతారామరాజు వెంట నడిచినవారిలో కొందరిని కూడా ఈ దీవులకే పంపారు. ఆ రోజుల్లో దీన్ని కాలాపానీ అనేవారు. ఆ నల్లని నీళ్ళు దాటినవాడు తిరిగి రాడని అర్థం.

జైలు కట్టకముందే మన ప్రాంతానికి ఈ దీవులతో సంబంధం ఉంది. 1857 జూలైలో హైదరాబాదులో బ్రిటిష్ రెసిడెన్సీ మీద దాడి చేసినవారి నాయకులు ఇద్దరు, తుర్రెబాజ్ ఖాన్, మౌల్వీ అల్లావుద్దీన్. ఇద్దరికీ అండమాన్ శిక్షే పడింది. తుర్రెబాజ్ ఖాన్ ఇక్కడికి పంపకముందే తప్పించుకున్నాడు. 1859లో మన తూప్రాన్ దగ్గర దొరికి ప్రాణం పోగొట్టుకున్నాడు. మనం హైదరాబాదు పోతూ టీ తాగడానికి ఆగే ఆ తూప్రానే. మౌల్వీ అల్లావుద్దీన్‌ను ఓడలో ఇక్కడికి పంపారు. ఆయన ఇక్కడే కన్నుమూశాడు, మళ్ళీ ఇల్లు చూడలేదు. వారికి దొరకని తిరుగు దారి మాకు టికెట్టు కొంటే దొరికింది. తిరిగి వెళ్ళగలగడం కూడా ఒక కృపే అని, దాన్ని మనం లెక్కలోకి తీసుకోమని అనుకున్నాను.

అక్కడ చూసిన ఒక సంగతి మాత్రం నన్ను చాలాసేపు వదల్లేదు. ఆ జైలులో ఒక వరుస గదుల తలుపులు పక్క వరుస వీపు వైపు చూస్తుంటాయి. కావాలనే అట్లా కట్టారు. వందలమంది ఒకే ఆవరణలో, ఒకే సముద్రపు హోరు వింటూ ఉంటారు. కానీ ఒకరి ముఖం ఒకరికి కనపడదు. నా భార్య ఒక గది ఊచలు పట్టుకొని బయటికి చూసి, "ఎదురుంగ గోడ వీపే కనపడ్తది" అంది. నేను ఏమీ అనలేదు. ఒకే ఇంట్లో, ఒకే కంచంలో తింటూ, ఎదుటి మనిషికి నా వీపు మాత్రమే చూపించిన సంవత్సరాలు నా కళ్ళ ముందు నిలిచాయి. మా గోడను ఏ తెల్లదొరా కట్టలేదు. నేనే కట్టాను, అదీ పరిచర్య అనే రాళ్ళతో.

మర్నాడు పొద్దున మొదటి పడవకే రాస్ దీవికి వెళ్ళాం. జెట్టీలో మేమే ముందు. ఫోన్ ఇంట్లో వదిలేసి వచ్చాను. ఒకప్పుడు ఆ చిన్న దీవే బ్రిటిషువారి రాజధాని. దాదాపు ఎనభై ఏళ్ళు అక్కడి నుంచే పాలించారు. బంగ్లాలు, బేకరీ, నాట్యశాల అన్నీ ఉండేవి. 1941లో పెద్ద భూకంపం వచ్చింది. 1942లో జపాను సైన్యం వచ్చింది. ఆ తర్వాత ఆ దీవిలో ఎవరూ కాపురం ఉండలేదు. ఇప్పుడు జింకలు, నెమళ్ళు తిరుగుతుంటాయి. మనిషి దగ్గరికి పోయినా బెదరవు.

మెట్లెక్కి పైకి పోతే గుడి ఉంది. ప్రెస్బిటీరియన్ వారి రాతి గుడి. పైకప్పు లేదు. బలిపీఠం వెనుక ఉన్న కిటికీలో ఒకప్పుడు రంగుటద్దాలు ఉండేవని చెప్తారు, ఇప్పుడు అందులోంచి ఆకాశం కనపడుతుంది. మర్రి జాతి చెట్ల వేర్లు గోడల మీదుగా దిగి, రాళ్ళ సందుల్లో దూరి, మొత్తం గుడిని చేతుల్లో పట్టుకున్నట్టు పట్టుకున్నాయి. ఎక్కడ గోడ, ఎక్కడ వేరు అన్నది చెప్పలేం.

నాకు మన మెదక్ గుడి గుర్తొచ్చింది. 1914లో పోస్నెట్ దొరగారు మొదలుపెట్టించి, కరువు రోజుల్లో ఆకలితో ఉన్న జనానికి పనీ తిండీ కల్పిస్తూ కట్టించిన గుడి. 1924 క్రిస్మసు దినాన ప్రతిష్ఠించిన గుడి. అదీ రాయే, ఇదీ రాయే. అదీ పాతదే, ఇదీ పాతదే. అక్కడ ఇప్పటికీ రంగుటద్దాల గుండా ఎండ లోపలికి వస్తుంది. ఇక్కడ వానే లోపలికి వస్తుంది.

"గింత మంచి గుడిని ఎవరు కూలగొట్టిండ్రు?" అని నా భార్య అడిగింది. భూకంపం గురించి, యుద్ధం గురించి నేను తెలిసినంత చెప్పాను. ఆమె గోడను ఒకసారి తడిమి చూసింది. "కూలగొట్టింది వాళ్ళు కాదండీ. మనుషులు పోయినంక ఎవరూ ఊడ్వలే. మొలక వచ్చినప్పుడు ఎవరూ పీకలే. గంతే" అంది.

మీకు తెలుసు, మన చిన్న మందిరం పైకప్పు అంచున ప్రతి వానాకాలం రావి మొలకలు వస్తాయి. చిటికెన వేలంత ఉంటాయి. దసరా సెలవుల్లో యవనస్థులు నిచ్చెన వేసి పీకేస్తారు. రెండు వేళ్ళతో వచ్చేస్తాయి. అదే ఇరవై ఏళ్ళు వదిలేస్తే గొడ్డలి పెట్టినా రావు. అప్పుడు చెట్టు తీస్తే గోడ కూడా దానితోపాటే పడిపోతుంది.

గుడి బయట సముద్రం వైపు కూర్చున్నాం. చాలాసేపు ఎవరమూ మాట్లాడలేదు. అప్పుడు ఆమె అడిగింది. "మన బిడ్డ ఉంటే ఈ నెలకు పదకొండేళ్ళు నిండేటివి. మీకు యాదికున్నదా?"

నాకు గుర్తు లేదు. పాస్టరు నోటికి ఏదో ఒక జవాబు ఎప్పుడూ సిద్ధంగా ఉంటుంది. ఆ రోజు మాత్రం అబద్ధం చెప్పబుద్ధి కాలేదు. "లేదు" అన్నాను.

ఆమె ఏడ్చింది. అప్పుడు అక్టోబరులో ఏడవనిది, ఓడ మీద ఏడవనిది, తమ్ముడి వంటింట్లో ఏడవనిది, అంతా అక్కడ ఏడ్చింది. "ఆ దినం మీరు దేవుని చిత్తం అన్నరు. అది నాకు ఎరుకే. నాకు పాస్టరు వద్దుండె, మీరు కావాలె. మీరు గూడ ఏడుస్తరేమోనని చూసిన" అంది. తర్వాత ఆమె ఇంకా కొన్ని మాటలు చెప్పింది. వాటిని ఆమె కొట్టేసింది కాబట్టి నేను రాయను. నేను కూడా ఏడ్చాను. పదకొండేళ్ళ ఆలస్యంగా ఏడ్చాను.

ప్రియులారా, ప్రకటన గ్రంథం రెండో అధ్యాయంలో ఎఫెసు సంఘానికి ప్రభువు రాయించిన ఉత్తరం ఉంది. నేను దాన్ని ఎన్నోసార్లు బోధించాను. ఆ సంఘం కష్టపడే సంఘం, ఓర్పుగల సంఘం, తప్పుడు బోధను సహించని సంఘం. వాళ్ళ క్రియలన్నీ తనకు తెలుసని ప్రభువే మెచ్చుకుంటాడు. అయినా ఒక్క తప్పు పట్టాడు. మొదట ఉన్న ప్రేమను వాళ్ళు విడిచిపెట్టారు. దాన్ని ఎవరో దొంగిలించలేదు, తుఫాను కొట్టుకుపోలేదు, వాళ్ళే విడిచిపెట్టారు. అదీ పని చేస్తూ చేస్తూనే. దానికి ఆయన చెప్పిన మందు కూడా కొత్తది కాదు. ఎక్కడి నుంచి పడ్డారో గుర్తు చేసుకోండి, మనసు మార్చుకోండి, మొదట చేసినవే మళ్ళీ చేయండి అంటాడు. అంటే వెనక్కి నడవాలి. పడిన చోటికి తిరిగి పోవాలి. కొత్త చోటికి పోతే కొత్త ఫోటోలు వస్తాయి గానీ పాత గాయం మానదు.

ఇంకొక రోజు పొద్దున్నే జంగ్లీఘాట్‌లో చేపలు దిగేచోటికి వెళ్ళాం. అక్కడ చేపలు అమ్మే ఒకామె మా మాట విని "ఏ వూరమ్మా మీది?" అని శ్రీకాకుళం యాసలో పలకరించింది. మెదక్ అంటే ఆమెకు తెలియలేదు. పెద్ద గుడి ఉన్న ఊరు అని నా భార్య చెప్పింది. చేప కొనుక్కొని ఇంటికి వచ్చాం. ఆ రోజు నేను వండుతానన్నాను. బామ్మర్ది నవ్వాడు, "బావా, నీకు పొయ్యి వెలిగించుడు వస్తదా?" అన్నాడు. ఉల్లిగడ్డలు లావుగా కోశాను, ఉప్పు ఎక్కువ వేశాను. నా భార్య కూర్చొని తిన్నది. నేను వడ్డిస్తుంటే ఆమె కూర్చొని తినడం మా పెళ్ళయిన ఇరవై ఒక్క ఏళ్ళలో అదే మొదటిసారి. రాయడానికి సిగ్గుగా ఉంది, కానీ నిజం.

అప్పుడే యోహాను సువార్త 21వ అధ్యాయం నాకు కొత్తగా అర్థమైంది. పేతురును ప్రభువు మొదట పిలిచింది గలిలయ సముద్రపు ఒడ్డునే. ఆయనను ఎరగనని మూడుసార్లు బొంకిన తర్వాత, లేచిన ప్రభువు మళ్ళీ అతణ్ణి కలిసింది కూడా ఆ సముద్రపు ఒడ్డునే. అదే నీళ్ళు, అదే వల, రాత్రంతా అదే ఖాళీ చేతులు. ఓడిపోయినవాణ్ణి ఆయన కొత్త చోటికి తీసుకుపోలేదు. మొదలైన చోటికే రప్పించాడు. అక్కడ ఏం చేశాడు? బొగ్గుల మంట మీద చేప, రొట్టె సిద్ధం చేసి పెట్టాడు. ముందు తినమన్నాడు. తిన్నాకే అడిగాడు, నన్ను ప్రేమిస్తున్నావా అని. మూడుసార్లు అడిగాడు. పేతురు బాధపడ్డాడు. ఆ బాధ నుంచే అతని రెండో పిలుపు మొదలైంది. గొర్రెలను మేపమని చెప్పింది ఆ ప్రశ్న తర్వాతే. నేను మాత్రం ఇన్నేళ్ళూ గొర్రెలను మేపే హడావిడిలో ఆ ప్రశ్నను దాటేశాను.

ఈసారి అక్కడ ఒకే ఒక్క కూడికకు వెళ్ళాను, అదీ ఆదివారం ఆరాధనకు. వెనుక వరుసలో నా భార్య పక్కన కూర్చున్నాను. వాక్యం చెప్పమన్నారు. "ఈరోజు వినడానికి వచ్చాను" అన్నాను. ఆ మాట అనడం నాకు ఎంత కష్టమైందో ప్రభువుకే తెలుసు.

తిరిగి వచ్చి నెల దాటింది. ప్రయాణంతోనే అంతా బాగైపోయిందని చెప్పను. పదకొండేళ్ళ వేరు పది రోజుల్లో ఊడదు. కానీ కొన్ని తీర్మానాలు చేసుకున్నాం. మీరు కూడా సాక్షులుగా ఉండాలని ఇక్కడ రాస్తున్నాను. సోమవారం సాయంత్రం ఆరు నుంచి నా ఫోన్ పెట్టెలో ఉంటుంది. చావు కబురైతే పక్కింటివారికి చేయండి, వాళ్ళు వచ్చి తలుపు కొడతారు, నేను వస్తాను. మిగతా సంగతులు మంగళవారం మాట్లాడుకుందాం. ఆ పూట వంట నాదే. ఉప్పు ఇప్పుడు కాస్త కుదురుతోంది.

ఇంకొకటి. పుట్టకుండానే పోయిన బిడ్డల తల్లులు మన సంఘంలో నేను ఎరిగినవారే కొందరు ఉన్నారు. ఎరగనివారు ఇంకా ఎందరో. మనం వాళ్ళతో "మళ్ళీ కడుపు పండుతదిలే" అని ఒక మాట అని వదిలేస్తాం. ఆ బిడ్డకు సమాధి లేదు, పేరు లేదు, సంవత్సరీకం కూడిక లేదు. తల్లి మాత్రం నెలలు లెక్కపెట్టుకుంటూనే ఉంటుంది. వచ్చే నెల మొదటి శుక్రవారం ఉపవాస ప్రార్థనలో వారికోసం ప్రత్యేకంగా ప్రార్థన చేద్దాం. ఎవరూ ముందుకు వచ్చి ఏమీ చెప్పనక్కరలేదు. నేను కూడా ప్రసంగం చేయను. నా భార్య పక్కన కూర్చుంటాను. తండ్రులు కూడా రండి. మీ భార్య పక్కన కూర్చోండి, చాలు.

భర్తలారా, మీరు అండమాన్ పోనక్కరలేదు. మీరు ఇచ్చి మరిచిన మాట ఒకటి ఎక్కడో ఉంటుంది. అది పుట్టింటికి ఒకసారి తీసుకుపోతానన్న మాట కావచ్చు, ఏడుపాయల దగ్గర మంజీర ఒడ్డున ఒక పూట కూర్చుందామన్న మాట కావచ్చు. ఆ జెట్టీ మీద ఆమె ఇంకా కూర్చొని ఉందేమో చూడండి. మొలక చిటికెన వేలంత ఉండగానే పీకండి. మీరు అడిగే మొదటి ప్రశ్నకు ఆమె జవాబు చెప్పకపోవచ్చు. ముందు తినిపించండి, తర్వాత అడగండి. ప్రభువు పద్ధతి అదే.

ప్రార్థన చేసుకుందాం. ప్రేమగల తండ్రీ, మేము తప్పిపోయిన ఒడ్డుకే మమ్మల్ని మళ్ళీ తీసుకుపోతున్నందుకు నీకు స్తోత్రం. నీ పని పేరుతో నీవిచ్చిన మనుషులను మరిచిపోయిన మమ్మల్ని క్షమించు. మా ఇళ్ళ గోడల సందుల్లో మొలిచినవాటిని చూసే కన్నులు మాకివ్వు. చెప్పుకోలేని దుఃఖంతో ఉన్న తల్లులను నీవే ఓదార్చు. మా బిడ్డ నీ దగ్గర ఉన్నదని నమ్మి నీకు అప్పగిస్తున్నాం. యేసు నామమున అడిగి వేడుకొంటున్నాము తండ్రీ. ఆమెన్.

ప్రభువు మిమ్మల్నీ మీ కుటుంబాలనూ దీవించును గాక.

మీ సేవకుడు,
మెదక్